తలనొప్పి లేని రోజులు ఎన్ని?

"నెలలో అసలు తలనొప్పే లేని రోజులు ఎన్నుంటాయి?"

డాక్టరమ్మ అడిగిన ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అంతవరకు నన్ను చూసినవాళ్ళంతా తలనొప్పి ఎన్నిసార్లు వస్తుందనే అడిగారు. వారానికి రెండు మూడు సార్లు అని అలవాటుగా చెప్పేసేదాన్ని. నేను లెక్కేసేది మంచం పట్టించే పోట్లనే. మిగతా రోజుల్లో మాడు మీద ఎవరో అరచెయ్యి పెట్టి అదిమినట్టుండే బరువును తలనొప్పి అనడం ఎప్పుడో మానేశాను. నా తల ఉండేదే అంత అనుకున్నాను. కాసేపు ఆలోచించి "రెండు మూడు రోజులేమోనండీ" అన్నాను. ఆవిడ రాసుకున్నారు. అది కాగితం మీద పడ్డాక నాకు భయమేసింది.

పాతికేళ్ళ వయసు నుంచి నాకు మైగ్రేన్ ఉంది. వచ్చేది, ఒక రోజు ఉండేది, పోయేది. తేడా వచ్చింది నాన్న మంచాన పడ్డ ఆరు నెలల్లో. రాత్రికి నాలుగైదు సార్లు లేవాల్సి వచ్చేది. ఆయన కోలుకున్నారు గానీ నా నిద్ర తిరిగి రాలేదు. పడుకున్నా కలత నిద్రే. పొద్దున లేస్తే రాత్రంతా ఎవరో చితకబాదినట్టు ఒళ్ళంతా నొప్పులు. ఒకరోజు భుజాలు, మర్నాడు నడుము, ఇంకోరోజు పిక్కలు. ఇక నీరసం సంగతి ఎలా చెప్పను? పని చేస్తే వచ్చే అలసట పడుకుంటే పోతుంది. ఇది పడుకుని లేచాకే ఎక్కువగా ఉండేది. జడ వేసుకుందామని చేతులు పైకెత్తితే సగంలోనే దించి మంచం మీద కూర్చునేదాన్ని. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక మాట గుర్తురాక ఆగిపోయేదాన్ని. పెద్ద మాటేం కాదు, "తాళంచెవి" లాంటిదే.

పరీక్షలన్నీ చేయించారు. హిమోగ్లోబిన్, ఈఎస్ఆర్, థైరాయిడ్, షుగర్, బి12, విటమిన్ డి, చివరికి తలకు ఎంఆర్ఐ. విటమిన్ డి కొంచెం తక్కువుంది, మిగతావన్నీ నార్మల్. మందు వాడితే ఆ అంకె పెరిగింది, నొప్పులు మాత్రం అలాగే ఉన్నాయి. "మీకేమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అని ఒక డాక్టరు చెప్పి పంపించేశారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ కాగితాల్లో ఏదో ఒక జబ్బు పేరు కనబడితే బాగుండునని కోరుకున్నాను. మా ఆయన "రిపోర్టులు బాగానే వచ్చాయిగా" అన్నది ధైర్యం చెప్పడానికే. నాకు మాత్రం "నటిస్తున్నావు" అన్నట్టు వినబడింది. రెండు రోజులు మాట్లాడలేదు.

కొత్త డాక్టరమ్మ మొదటిరోజు మందే రాయలేదు. ఒక నెల డైరీ రాసుకు రమ్మన్నారు. నొప్పి పదికి ఎంత, ఎన్ని గంటలుంది, నిద్ర ఎంత, నెలసరి ఎప్పుడు, వేసుకున్న ప్రతి మాత్రా. ఎండ వల్లో, తిండి వల్లో వస్తోందని తేలుతుందనుకున్నాను. నెల తిరిగాక ఆవిడ ముందు మాత్రల గడి మీద వేలు పెట్టి లెక్కపెట్టారు. పంతొమ్మిది రోజులు.

నేను వాడేది నొప్పి మందుతో పాటు కెఫీన్ కలిసిన మాత్ర. అలాంటి కలగలుపు మాత్రలు నెలకు 10 రోజులో అంతకు మించో, మూడు నెలలు దాటి వాడుతూ పోతే ఆ మాత్రే తలనొప్పిని తెచ్చిపెట్టగలదట. మైగ్రేన్‌కి ఇచ్చే ట్రిప్టాన్లకూ ఇదే లెక్క. ఉత్తి పారాసిటమాలో ఇబుప్రోఫెనో అయితే 15 రోజులు. ఇక్కడ లెక్క మాత్రలది కాదు, రోజులది. రోజుకు ఒకటే కదా అని నేను ధీమాగా ఉన్నాను. పైగా పని ఎక్కువున్న రోజున, నొప్పి రాకముందే ముందుజాగ్రత్తగా ఒకటి వేసుకునేదాన్ని. మందు దిగగానే తల మళ్ళీ మొదలు, మళ్ళీ మాత్ర. నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళలో చీటీలు రాసిచ్చినవాళ్ళు ఒక్కరూ ఈ లెక్క అడగలేదు. నేనూ చెప్పలేదనుకోండి.

నా మాత్రను ఒక్కసారిగా ఆపేయొచ్చన్నారు. నిద్రమాత్రలో, మార్ఫిన్ జాతి నొప్పి మందులో వాడేవాళ్ళు మాత్రం సొంతంగా ఆపకూడదని, డాక్టరు చూస్తుండగా మెల్లగా తగ్గించాలని గట్టిగా చెప్పారు. "ముందు బాగా ఎక్కువవుతుందమ్మా. రెండు రోజుల నుంచి పది రోజుల దాకా పట్టొచ్చు, ఓర్చుకోవాలి" అన్నారు. అక్క వచ్చి నాతో ఉంది. నాలుగో రోజు రాత్రి వాంతులయ్యాక "ఒక్కటి ఇవ్వక్కా, ఒక్కటే" అని బతిమాలాను. "ఇప్పుడిస్తే ఈ నాలుగు రోజులూ మళ్ళీ మొదట్నుంచి పడాలే" అంటూ నుదుటి మీద తడిగుడ్డ వేసింది. నేను తనను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తొమ్మిదో రోజు పొద్దున కిటికీ తెర తీస్తే వెలుతురు కళ్ళలో గుచ్చుకోలేదు.

రెండు నెలలకు నా పాత మైగ్రేన్ విడిగా కనబడింది. నవ్వుతారేమో గానీ, సంతోషమేసింది. మొదలూ చివరా ఉన్న తలనొప్పిని చూసి ఎన్నాళ్ళయిందో!

ఆ మధ్యలోనే రాత్రిపూట అమిట్రిప్టిలిన్ అనే మందు 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. డబ్బాలోని కాగితంలో డిప్రెషన్ మందని ఉంది. నేరుగా వెళ్ళి "అయితే ఇదంతా నా మనసులోదేనంటారా?" అని అడిగాను. "డిప్రెషన్‌కి దీనికి ఎన్నో రెట్లు ఇవ్వాలి. ఈ కొంచెం మోతాదు, నొప్పిని మోసే నరాల దారుల మీద, నిద్ర మీద పని చేస్తుంది" అన్నారు. కొన్ని వారాలు నోరు ఎండిపోయేది, పొద్దున మత్తుగా ఉండేది.

తల తేలికపడ్డా ఒంటి నొప్పులు పోలేదు. వాటికి ఆవిడ పెట్టిన పేరు ఫైబ్రోమయాల్జియా. కీళ్ళలో వాపు ఉండదు, కండరం చెడదు, అందుకే రక్తంలో, స్కాన్‌లో ఏమీ దొరకదు. తేడా నొప్పిని అందుకునే నరాల వ్యవస్థలో ఉంటుంది. గుసగుసగా చెప్పిన మాట మైకులో మోగినట్టు, చిన్న ఒత్తిడి కూడా నొప్పిగా వినబడుతుంది. 1990లో అమెరికా రుమటాలజీ (కీళ్ళు, కండరాల జబ్బులు చూసే) వైద్యులు పెట్టిన పద్ధతిలో ఒంటి మీద 18 చోట్ల నొక్కి, 11 చోట్ల నొప్పి ఉంటేనే ఈ పేరు పెట్టేవారు. 2010లో ఆ నొక్కుళ్ళు తీసేశారు. నొప్పి ఒంట్లో ఎన్ని చోట్ల ఉంది, నిద్ర, అలసట, మతిమరుపు ఎంత అని అడుగుతున్నారు. నా "తాళంచెవి" సంగతి కూడా జబ్బు లక్షణాల్లోనే ఉందని తెలిసి ఏడుపొచ్చింది.

ఇంకో సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. 1975లో కెనడాలో మోల్డోఫ్‌స్కీ అనే డాక్టరు, ఆయన బృందం, ఆరోగ్యంగా ఉన్న కొందరిని నిద్రపుచ్చి, గాఢనిద్రలోకి జారుకోగానే శబ్దంతో కదిలించారు. కొన్ని రాత్రులకే వాళ్ళకు ఒళ్ళునొప్పులు, అలసట మొదలయ్యాయి. నాన్న పక్కన నేను గడిపినవి ఆరు నెలలు. నా జబ్బంతా దానివల్లేనని తేల్చేయలేను, నిద్ర చెడ్డవాళ్ళందరికీ ఇది రాదు కదా. అయినా ఆ రోజు నుంచి నిద్రవేళ విషయంలో ఎవరి మొహమాటానికీ లొంగడం లేదు.

నాకు అన్నిటికంటే కష్టమైంది నడక. బాగున్న రోజు బట్టలన్నీ ఉతికి, అటకలు సర్ది, మర్నాటి నుంచి మూడు రోజులు మంచం దిగకపోవడం నా పద్ధతి. ఫిజియోథెరపిస్టు "బాగాలేని రోజు ఎంత నడవగలరు?" అని అడిగారు. ఆరు నిమిషాలు. "అయితే రోజూ ఆరే. బాగున్న రోజూ ఆరే." హుషారుగా ఉన్న రోజు మూడు నిమిషాలకే వెనక్కి తిరగడం ఎంత అవమానంగా ఉంటుందో! వారానికి ఒక్కో నిమిషం పెంచుకుంటూ పోయాను. ఈ లెక్క మొదలుపెట్టే ముందు డాక్టరమ్మ ఒక విషయం తరచి తరచి అడిగారు: కాస్త శ్రమపడితే మర్నాటి నుంచి రోజుల తరబడి, జ్వరం వచ్చినట్టు కుప్పకూలిపోతున్నానా అని. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే, ఏళ్ళ తరబడి వదలని అలసట జబ్బు ఉన్నవాళ్ళకు అలా అవుతుందట. వాళ్ళకు ఇలా షెడ్యూలు ప్రకారం వ్యాయామం పెంచే పద్ధతి వద్దని బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ వైద్యం చేయాలో సూచించే నైస్ సంస్థ 2021లో చెప్పింది. నాది అది కాదని నమ్మకం కుదిరాకే నా ఆరు నిమిషాలు మొదలయ్యాయి.

డైరీ అట్ట లోపల ఆవిడ కొన్ని మాటలు రాయించారు. నిమిషంలోపే భరించలేనంత పెరిగిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, కాలో చెయ్యో పట్టు తప్పడం, చూపు తేడా రావడం, తలకు దెబ్బ తగిలాక మొదలైన నొప్పి, యాభై దాటాక కొత్తగా వచ్చిన తలనొప్పి. వీటికి డైరీ లేదు, నేరుగా ఆసుపత్రికే. పాత రోగులమే "ఇది మామూలేలే" అని పడుకుండిపోతామట.

పోయిన నెల తలనొప్పి లేని రోజులు పదిహేడు. ఒంటి నొప్పులు ఉన్నాయి, పదికి మూడో నాలుగో. నడక ఇరవై ఎనిమిది నిమిషాలకు వచ్చి, ఫ్లూ జ్వరం తర్వాత పదిహేనుకు పడింది. నొప్పి మాత్ర నెలకు ఎనిమిది రోజులు మించకూడదని హద్దు. డబ్బా మా ఆయన దగ్గరుంటుంది. అడిగితే కాదనరు, కానీ ఇచ్చే ముందు ఒకసారి గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తారు. ఆ చూపుకి నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈ నెల ఆరయ్యాయి, ఇంకా తొమ్మిది రోజులున్నాయి.