ఓనర్‌గారికి కావాల్సిన లెక్కలు

బరంపురంలో మా జీడిపప్పు కంపెనీ ఓనర్‌గారికి నెలనెలా లావుపాటి రిపోర్టు ఇస్తాం. ఆయన దాన్ని పక్కనపెట్టి పలాసకి ఫోన్ చేస్తారు: "ఏం బావా, పిక్కల రేటు ఎలా ఉంది?"

తప్పేం లేదు. రిపోర్టులో ఉన్నదంతా గడిచిపోయిన నెల సంగతి, అదీ మా గోడౌన్ లోపలిదే. కొత్త మిషన్లు వేయాలా వద్దా అన్నది తేల్చేది బయటి కబుర్లు: ఐవరీ కోస్ట్‌లో జీడి పంట, డాలర్ రేటు, ఇక్కడి ఒడియా రైతు ఈసారి ఎవరికి అమ్ముతున్నాడు.

ఏ సమాచారం కీలకమో పైవాళ్లే తేల్చి చెప్పాలని అమెరికా మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ జాన్ రాకార్ట్ 1979లోనే రాశాడు. సరే అని ఓనర్‌గారినే అడిగాం. మొదట "అన్నీ కావాలి" అన్నారు (ఎవరైనా అదే అంటారు లెండి). టీ తాగడం అయ్యేసరికి నాలుగు మిగిలాయి. వాటిలో మూడు మా కంప్యూటర్‌లో అసలు లేనేలేవు.