ఎయిడ్స్ సేవల ప్లానింగ్ ల్యాబ్ దగ్గర మొదలుపెట్టండి

ఎయిడ్స్ సేవలు అనగానే ఆసుపత్రుల్లో ముందు వార్డు మాటే వస్తుంది. 1983లో శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ ఆసుపత్రి ఎయిడ్స్ రోగుల కోసమే 5బి వార్డు తెరిచిందంటే అర్థం ఉంది, రోగిని ముట్టుకోవడానికే జంకిన రోజులవి. ఇప్పుడు వేరే వార్డు కడితే ఎవరి జబ్బేమిటో అందరికీ తెలియడమే మిగులుతుంది. హెచ్ఐవీ గాలి ద్వారా సోకదు, టీబీ సోకుతుంది. ఆ డబ్బేదో గంటకు 12 సార్లు గాలి మారే గదుల మీద పెట్టండి.

రక్తంలో రోగనిరోధక కణాలను లెక్కించే సీడీ4 పరీక్ష అడ్మిషన్ రోజే జరగాలి. శాంపిళ్లన్నీ పోగేసి వారానికోసారి మెషిన్‌లో పెట్టే ల్యాబ్ అయితే, రిపోర్టు వచ్చేసరికి రోగి డిశ్చార్జి అయిపోతాడు. కౌంటు 200 లోపు ఉంటే ముదిరిన దశే. అదే రక్తంతో క్రిప్టోకాకల్ యాంటిజెన్ (మెదడు పొరలకు సోకే క్రిప్టోకాకస్ ఫంగస్ జాడ) చూడాలి, మూత్రంతో టీబీ జాడ పట్టే ఎల్ఏఎం స్ట్రిప్ చేయాలి. స్ట్రిప్ మీద 60 మైక్రోలీటర్ల మూత్రం వేసి 25 నిమిషాలకు చదవాలి. గీత మసగ్గా ఉంటే రిఫరెన్స్ కార్డు పక్కన పెట్టి పోల్చాలి. గీత రాలేదని టీబీ లేదనుకోకూడదు.

యాంటిజెన్ పాజిటివ్ వస్తే ఏఆర్‌టీకి (హెచ్ఐవీని అణచే మందులకు) తొందరపడొద్దు, ముందు వెన్నునీరు తీయాలి. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) తేలితే దాని చికిత్స మొదలైన 4 నుంచి 6 వారాలకు ఏఆర్‌టీ. ముందే ఇస్తే మెదడులో వాపు, ఒత్తిడి పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

ఫార్మసీ లెక్క: ఈ మెనింజైటిస్‌కు ఇచ్చే ఫంగస్ మందు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ కిలోకు 10 మిల్లీగ్రాములు, ఒకే డోసు. 60 కిలోల మనిషికి 50 మిల్లీగ్రాముల వయల్స్ 12. తోడుగా 14 రోజులు ఫ్లూసైటోసిన్, ఫ్లుకోనజోల్. ఆంఫోటెరిసిన్‌ను 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, సెలైన్ తగిలితే మందు విరిగిపోతుంది. దీనికి ముందు పొటాషియంతో సెలైన్ ఎక్కిస్తారు కాబట్టి ఆ లైన్‌ను డెక్స్‌ట్రోజ్‌తో కడగాలి. రాత్రి షిఫ్టులో జారిపోయేది సరిగ్గా ఈ పనే.

ఇంత ఖరీదైన మందు కొని, మానోమీటర్ (ఒత్తిడి కొలిచే గొట్టం) కొనడం మరిచిపోతుంటారు. వెన్నునీటి ఒత్తిడి 25 సెంటీమీటర్లు దాటితే 20 లోపుకి దిగేలా తీయాలి, లక్షణాలు తగ్గేదాకా రోజూ తీయాల్సి రావచ్చు. కొలిచే గొట్టమే లేకపోతే ఎంత తీయాలో ఎలా తెలుస్తుంది?

సూది గుచ్చుకున్న సిబ్బందికి పీఈపీ (హెచ్ఐవీ సోకకుండా వేసుకునే మందు) తొలి డోసు వార్డులోనే ఉంచాలి. 72 గంటలే గడువు, ఎంత ముందైతే అంత మేలు. కోర్సు 28 రోజులు.

డిశ్చార్జి రోజు చీటీతో కాదు, మందులతో పంపాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే హెచ్ఐవీ మందు డొలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు కావాలి. ఆ రెండో మాత్ర సంచిలో పడిందో లేదో నర్సు ఎంచి చూసి, క్లినిక్ తేదీ రాసి ఇవ్వాలి.