మన డ్రిల్లు మాస్టారు, ఆ లాబీ గీత

మన స్కూలు పాత విద్యార్థులం మళ్ళీ కలుసుకుంటున్నాం కదా, ఆ సంచికకి ఏదైనా రాసివ్వమని కమిటీ వాళ్ళ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. లెక్కల మాస్టారి బెత్తం, నీళ్ళ ట్యాంకు గొడవ, సైన్సు ల్యాబులో బల్లి సంగతి ఎలాగూ మీరంతా రాస్తారు. నేను మాత్రం డ్రిల్లు మాస్టారి గురించే రాస్తాను. ఆరు, ఏడు తరగతుల్లో గ్రౌండు తప్ప నాకింకేమీ గుర్తులేదు. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలు ఏ సెంటర్లో రాశామో కూడా మర్చిపోయాను.

ఎండాకాలంలో నెర్రెలిచ్చే ఆ నల్లమట్టిలో కబడ్డీ కోర్టు తయారు చేయడమే ఒక యజ్ఞం. తవ్వించి, మనందరి చేత రాళ్ళేరించి, అడితి నుంచి సైకిల్ మీద రంపప్పొట్టు బస్తా తెచ్చి ఇసకలో కలిపి పరిచేవారు. "మోకాళ్ళు చెక్కుకుపోతే మీ అమ్మలకి నేనేం జవాబు చెప్పాలిరా?" అనేవారు. మేకులు దిగ్గొట్టి, పురికొస బిగించి కట్టి, చిల్లు పెట్టిన డబ్బాలోంచి సున్నం జారుస్తూ గీతలు గీసేవారు. కోర్టుకి రెండు పక్కలా ఉండే సన్నటి పట్టీయే లాబీ. ఆ లాబీ గీతని మాత్రం రెండోసారి దిద్దేవారు. తగాదాలన్నీ అక్కడే వస్తాయని ఆయన అనుభవం. కూతకి వెళ్ళేవాడి పక్కనే చెవి ఒగ్గి నడుస్తూ, మాట నలిగినా ఊపిరి ఆగినా అక్కడికక్కడే వెనక్కి పంపేసేవారు.

1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీని మొదటిసారి పతకాల ఆటగా పెట్టారు. మన దేశానికి ఆ క్రీడల్లో వచ్చిన ఒకే ఒక్క స్వర్ణం అదే. దసరా సెలవులయ్యాక ప్రేయర్లో పేపరు పట్టుకుని ఆయన ఆ వార్త చదువుతుంటే గొంతు వణికింది. ఆగస్టు 15కి పోలీస్ పరేడ్ గ్రౌండులో మన డంబెల్స్ డ్రిల్లుకి అందరూ చప్పట్లు కొట్టినప్పుడు కూడా ఆయన్ని అలా చూడలేదు.

ఆ ఏడే జోనల్ మ్యాచ్, బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో. స్కోరు సమానం, ఆఖరి కూత మనది, వెళ్ళింది మనం మిడత అని పిలిచే మన జట్టువాడు. అవతలి కార్నర్ వాడిని తాకి వచ్చి మధ్యగీత దాటాడు. అంపైర్ మనకి పాయింటిచ్చేశాడు. మనవాళ్ళు గ్రౌండులోకి పరిగెత్తారు. మిడత మాత్రం చెయ్యెత్తి అక్కడే నిలబడ్డాడు. "ముందు నా కాలు లాబీలో పడింది సార్, తర్వాతే వాణ్ణి తాకాను." ఎవరినీ తాకకముందే లాబీలో అడుగుపెడితే రైడర్ అవుట్. ఆ కాలు అంపైర్ కంట పడలేదు. పాయింటు అవతలికి వెళ్ళింది, ఒక్క పాయింటుతో ఓడిపోయాం. మన బండోడు ఏడుస్తూ వాడి మీదికి ఎలా వెళ్ళాడో మీకు గుర్తుండే ఉంటుంది.

మాస్టారు ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. రెండు జట్లనీ స్టేడియం బయట బండి దగ్గరికి తీసుకెళ్ళి, మనవాడి పక్కన అవతలివాడు వచ్చేలా వరసగా నిలబెట్టి, తన జేబులోంచి అందరికీ మిరపకాయ బజ్జీలు ఇప్పించారు. జీతం ఆలస్యమైన నెల అది. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. బండోడు పక్కవాడితో మాటలు కలిపింది రెండో బజ్జీకి.

తర్వాత కాలేజీ, యూనివర్సిటీ జట్టు, స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం. ఇప్పుడు విజయవాడ డివిజన్‌లో ఉన్నాను. రాష్ట్ర స్థాయి మ్యాచ్‌లకి అంపైరింగుకి పిలుస్తున్నారు. మా అమ్మాయి వాళ్ళ స్కూలు జట్టులో లెఫ్ట్ కార్నర్, ఒకప్పటి నా స్థానమే. ఆటగాళ్ళు నా మొహంలోకి చూసి అప్పీలు చేస్తుంటే నేను వాళ్ళ కాళ్ళే చూస్తాను. ఇన్నేళ్ళలో తనంతట తాను చెయ్యెత్తినవాళ్ళు చాలా తక్కువ. అలాంటివాళ్ళు కనిపిస్తే మ్యాచ్ అయ్యాక ఏ స్కూలని అడిగి మరీ తెలుసుకుంటాను.

మాస్టారు తెనాలిలో కూతురి దగ్గర ఉంటున్నారు. కారులో తీసుకొచ్చే బాధ్యత నాది. మిర్చి యార్డు నుంచి మిడత కూడా వస్తానన్నాడు. కమిటీ వాళ్ళకి ఒక్కటే మనవి. భోజనాల తర్వాత ఉపన్యాసాలు కాస్త తగ్గించి, ఏ సెక్షన్‌కి, బి సెక్షన్‌కి ఒక ఆట పెట్టండి. అంపైరింగ్ నేను చేస్తాను. మాస్టారికి వినికిడి తగ్గింది కాబట్టి కూత గట్టిగా పెట్టాలి.