చిన్న వేటకు పాయింట్ టూటూ: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

కుందేలు, ఉడుత లాంటి చిన్న వేటకి రైఫిల్ కొనాలనుకునేవాళ్ళు ముందు కంపెనీ పేర్లు అడుగుతారు. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మాంసం పాడవకుండా, జంతువు బాధపడకుండా పడాలంటే తలకి కొట్టాలి. ఆ చోటు అటూ ఇటూగా ఒక అంగుళం వెడల్పు. అంటే 50 గజాల దగ్గర ఐదు గుళ్ళూ అంగుళం లోపల పడాలి, అదీ ప్రతిసారీ పడాలి. ఈపాటి పని చవక రైఫిల్లలో చాలావాటికి చేతనవును, సరైన తూటా దొరికితే. అందుకే మొత్తం బడ్జెట్‌ని రైఫిల్ మీదే పోసేయకుండా సగం దాకా స్కోపుకీ (గురి చూసే దుర్భిణి) తూటాలకీ ఉంచుకోమంటాను.

లైసెన్సు, వేట అనుమతి, సీజన్ సంగతులు మీరున్న చోటి చట్టాన్ని బట్టి ముందే చూసుకోండి. కొన్నిచోట్ల సీసం గుళ్ళతో వేటాడనివ్వరు. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి అదే రూలు. అలాంటి చోట సీసం లేని తూటా మీ రైఫిల్లో గురికి పడుతుందో లేదో చూశాకే మిగతావన్నీ.

క్యాలిబర్ (తూటా సైజు) గురించి పెద్దగా బుర్ర పెట్టక్కర్లేదు. 1887 నుంచి నడుస్తున్న .22 లాంగ్ రైఫిల్ అనే తూటా చాలు, పాయింట్ టూటూ అనేది దీన్నే. సాధారణంగా 40 గ్రెయిన్ల (సుమారు రెండున్నర గ్రాముల) గుండు, హై వెలాసిటీ (ఎక్కువ వేగం) రకమైతే సెకనుకి 1,235 అడుగుల చుట్టుపక్కల వేగం. 1959లో వచ్చిన .22 మాగ్నమ్ ఇంకా బలంగా కొడుతుంది. 2002లో వచ్చిన .17 హెచ్‌ఎమ్‌ఆర్ 17 గ్రెయిన్ల గుండుని 2,550 అడుగుల వేగంతో తోస్తుంది, 100 గజాల దాకా దాదాపు గీత గీసినట్టు పోతుంది. కానీ ఆ గుండు ఒంట్లో తగిలిందంటే కూరకి మిగిలేది తక్కువ. పైగా ఈ రెండింటి తూటాల ఖరీదు .22 కంటే కొన్ని రెట్లు. ప్రాక్టీసుకి చెయ్యాడని తూటాతో గురి కుదరడం కల్ల.

ఇక ప్రతి గుండుకీ చేత్తో బోల్ట్ లాగే బోల్ట్ యాక్షనా, తూటాని తనే మార్చుకునే సెమీ ఆటోమేటిక్కా? తక్కువ డబ్బులో మొదటి రైఫిల్ అయితే నా ఓటు బోల్ట్‌కే. సావేజ్ మార్క్ 2 లాంటివి ఆ ధరలో ఇచ్చే గురి, అదే ధర సెమీ ఆటోలో రావడం అరుదు. ఇంకాస్త పెట్టగలిగితే సీజెడ్ 457 వైపు చూడొచ్చు, ఆ బ్యారెల్‌కి (తుపాకీ గొట్టానికి) పెట్టిన డబ్బు వృథా పోదు. 1964 నుంచి వస్తున్న రూగర్ 10/22 మంచి తుపాకే. పది తూటాలని గుండ్రంగా పేర్చుకునే రోటరీ మ్యాగజైన్ నమ్మకంగా పనిచేస్తుంది, విడిభాగాలకి కొదవలేదు. కాకపోతే ఫ్యాక్టరీ ట్రిగ్గర్ బరువు. మార్చుకుంటూ పోతే చివరికి రైఫిల్ ధర రెండింతలవుతుంది. సెమీ ఆటోతో ఇంకో పేచీ: బోల్ట్‌ని వెనక్కి తన్నే బలం తూటాలోంచే రావాలి. నెమ్మది తూటా వేస్తే ఖాళీ కేసు (కాల్చాక మిగిలే డొల్ల) పూర్తిగా బయటపడక, పొగగొట్టంలా నిలబడి ఇరుక్కుంటుంది. చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) మసి పేరుకున్నా, కేసుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు అరిగినా ఇదే తంతు. బోల్ట్ రైఫిల్‌కి నెమ్మది తూటా బెడద లేదు, ఎంత వేగం రకం వేసినా కేసుని చేత్తో లాగేస్తారు. మార్లిన్ మోడల్ 60 లాంటి ట్యూబ్ మ్యాగజైన్ వాటిలో, ఖాళీ చేశామనుకున్నాక కూడా మ్యాగజైన్ గొట్టంలో ఒక తూటా ఉండిపోవచ్చు. బోల్ట్ నాలుగైదుసార్లు లాగి, చాంబర్‌లోకి కళ్ళతో చూసి, వేలు పెట్టి కూడా చూడాలి.

బ్యారెల్ పొడవు చూసి మోసపోకండి. .22 మందు దాదాపు 16 నుంచి 19 అంగుళాల లోపే కాలిపోతుంది, ఆపైన పొడవు పెంచితే వేగం పెరగదు. ట్రిగ్గర్ మాత్రం చేత్తో నొక్కి చూసి కొనాలి. రైఫిల్ బరువు రెండున్నర కిలోలైతే, మూడు కిలోల బలంతో నొక్కాల్సిన ట్రిగ్గర్ దాన్ని పక్కకి లాగేస్తుంది. కిలో, కిలోన్నర మధ్య ఉండి, గరగర లేకుండా ఒక్కసారిగా వదిలితే చాలు. షాపులో నొక్కే ముందు ఒక మాట. .22 లాంటి రిమ్‌ఫైర్‌లో ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టి పేల్చే మేకు) తూటా అంచుని కొడుతుంది. ఖాళీ చాంబర్ మీద నొక్కితే కొన్ని మోడళ్ళలో పిన్ నేరుగా చాంబర్ అంచుకే తగిలి సొట్ట పెడుతుంది. ఆ సొట్ట వల్ల తూటా సరిగ్గా కూర్చోదు, ఖాళీ కేసు బయటికి రాదు. మాన్యువల్‌లో ఖాళీగా నొక్కొచ్చని రాసి ఉంటేనే నొక్కండి, లేదంటే స్నాప్ క్యాప్ (పేలని ఉత్తుత్తి తూటా) అడగండి.

పాత రైఫిల్ కొంటే సగం ధరకే పని అయిపోవచ్చు, చూడాల్సినవి చూస్తే. ముందు టార్చి వేసి చాంబర్ అంచు, పిన్ తగిలే చోట గీత ఉందేమో చూడండి. బ్యారెల్ వెనక నుంచి వెలుతురులోకి చూసినప్పుడు మధ్యలో నల్లటి రింగు కనిపిస్తే వదిలేయండి. లోపల గుండు ఇరుక్కుని ఉండగా ఇంకోటి కాల్చితే గొట్టం అక్కడ ఉబ్బి అలా అవుతుంది. తర్వాత చెవిలో పెట్టుకునే దూదిపుల్ల ఒకటి తీసుకుని బ్యారెల్ మూతి అంచు చుట్టూ లోపలి నుంచి బయటికి నెమ్మదిగా లాగండి. ఎక్కడైనా దూది పోగు పట్టుకుందంటే అక్కడ అంచు దెబ్బతింది. గుండు బయటికొచ్చేటప్పుడు గ్యాసు ఆ పక్కనుంచి ముందుగా తప్పించుకుని గుండుని పక్కకి తోస్తుంది. బ్యారెల్‌కీ స్టాక్‌కీ (బ్యారెల్ కూర్చునే, చేత్తో పట్టుకునే భాగం) మధ్య కాగితం ముక్క జరిపి చూడండి. బ్యారెల్ స్టాక్‌కి అంటకుండా తేలేలా చేసిన మోడల్లో కాగితం ఎక్కడైనా ఆగిందంటే, ముందు చెయ్యి నొక్కినప్పుడల్లా గురి మారుతుంది. రూగర్ 10/22 కార్బైన్ మోడల్ లాగా బ్యారెల్‌కి పట్టీ ఉన్నవాటిలో ఈ పరీక్ష పనిచేయదు.

స్కోపు దగ్గర జనం చేసే పొరపాటు, పెద్ద రైఫిల్‌కి వాడేది తెచ్చి పెట్టడం. వాటి ప్యారలాక్స్ (కన్ను జరిగితే గురి జరిగినట్టు కనిపించే తేడా) సాధారణంగా 100 గజాలకి సరిచేసి ఉంటుంది. రిమ్‌ఫైర్ స్కోపులది 50 గజాల చుట్టుపక్కల. దగ్గరలో కాల్చేటప్పుడు కన్ను కాస్త పక్కకి జరిగితే క్రాస్‌హెయిర్ (స్కోపులోని గురి గీతలు) కూడా జరిగినట్టు కనిపిస్తుంది. ఆ తేడా చాలు, తలకి కొట్టింది చెవి పక్కనుంచి పోవడానికి. 2-7 లేదా 3-9 రెట్ల జూమ్ సరిపోతుంది. స్కోపుని బిగించే రింగులు కొనేముందు రిసీవర్ (బోల్ట్ ఉండే భాగం) మీద 11 మిల్లీమీటర్ల గాడి ఉందా, వీవర్ బేస్ అనే అడ్డగాళ్ళ పట్టీ ఉందా చూసుకోండి. ఒకదాని రింగులు ఇంకోదానికి పట్టవు.

ఇప్పుడు అసలు పని, తూటాల ఎంపిక. ఒకే మోడల్ రైఫిల్లు రెండు పక్కపక్కన పెట్టినా ఒకదానికి నచ్చిన తూటా రెండోదానికి నచ్చదు. నాలుగైదు రకాలు, ఒక్కొక్కటి యాభై తూటాల పెట్టె కొనండి. స్టాండర్డ్ వెలాసిటీ (మామూలు వేగం) ఒకటి, హై వెలాసిటీ సాలిడ్ (గట్టి గుండు) ఒకటి, 36 గ్రెయిన్ల హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉండి, తగలగానే విచ్చుకునేది) ఒకటి తప్పక ఉండాలి. రకం మార్చిన ప్రతిసారీ ముందు పది, పదిహేను తూటాలు ఊరికే కాల్చండి. ఒక్కో కంపెనీ గుండుకి పూసే మైనం వేరు, పాత పూత పోయి కొత్తది బ్యారెల్‌కి పట్టేదాకా గుళ్ళు చెల్లాచెదురుగా పడతాయి. తర్వాత ఇసుక సంచుల మీద ఆనించి, 50 గజాల్లో ఐదేసి గుళ్ళ గ్రూపులు నాలుగు. అందులో చక్కటి గ్రూపుని ఫోటో తీసుకుని మురిసిపోకండి, అధ్వాన్నమైనదాన్ని కొలవండి. వేటలో పడేది అలాంటి గుండే. నచ్చిన రకం దొరికాక పెట్టె మీద లాట్ నంబర్ (ఒకే విడతలో తయారైన గుర్తు) చూసి, అదే లాట్‌లో వీలైనన్ని కొనిపెట్టుకోండి. లాట్ మారితే ఫలితం కూడా మారొచ్చు.

గాలి ఉన్న రోజు వేగం ఎక్కువున్న తూటా తక్కువ జరుగుతుందనుకుంటారు, .22లో తిరకాసు ఇక్కడే. ధ్వని వేగం సెకనుకి సుమారు 1,125 అడుగులు. ఆ గీత దగ్గర గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. హై వెలాసిటీ గుండు దాన్ని పైనుంచి కిందికి దాటుతూ వేగం పోగొట్టుకుంటుంది. 1,070 అడుగులతో బయల్దేరే స్టాండర్డ్ గుండు మొదటి నుంచీ గీత కిందే ఉంటుంది కాబట్టి పక్కగాలికి తక్కువ జరుగుతుంది. శబ్దం కూడా తక్కువ.

జీరో (గుండు గురి పెట్టిన చోటే పడే దూరం) 50 గజాలకి పెట్టండి. బ్యారెల్‌కి ఒకటిన్నర అంగుళం పైన స్కోపు ఉండి, హై వెలాసిటీ తూటా వాడితే, 25 నుంచి 50 గజాల మధ్య గుండు గురి పెట్టిన చోటే దాదాపు పడుతుంది. 75 గజాలకి రెండంగుళాలు కిందికి, 100కి ఆరంగుళాలు దాటి కిందికి. పది గజాల్లో కూడా ముప్పావు అంగుళం కిందికే పడుతుంది, ఎందుకంటే గుండు ఇంకా స్కోపు గీత దాకా లేవలేదు. పొద దగ్గర కూర్చున్న కుందేలుని కాళ్ళ ముందే వదులుకునేవాళ్ళు ఎక్కువగా ఈ లెక్క మరిచిపోయినవాళ్ళే. తలకైతే సాలిడ్, ఛాతీకైతే హాలో పాయింట్. 75 గజాలు దాటితే కాల్చకపోవడమే మంచిది.

గుండు కిలోమీటర్లు పోగలదు, రెండుకి పైనే. నీళ్ళ మీదా, రాయి మీదా తగిలితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. కొమ్మ మీది ఉడుత వెనక ఆకాశం ఉంటే ఆగండి, దాని వెనక మాను వచ్చేదాకా. నొక్కినా పేలకపోతే మూతి భద్రమైన వైపే ఉంచి ముప్పై సెకన్లు లెక్కపెట్టాకే బోల్ట్ తెరవండి.