‘అమ్మ’ కొడితే ‘అమమ’ పడింది

మొదటి ఆదివారం

మా డెస్క్‌టాప్‌ది నాలుగో తరం ఐ3 ప్రాసెసర్. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరమైనా ఉండాలి, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు కూడా ఉండాలి. విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మిషను మాత్రం బాగానే ఉంది, పారేయడానికి మనసొప్పలేదు. ఎస్‌ఎస్‌డీలో సగం ఖాళీ చేసి, విండోస్ పక్కనే లినక్స్ మింట్ 22 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. ఇన్‌స్టాల్ అరగంటలో అయిపోయింది. అసలు గొడవ రీస్టార్ట్ చేశాక మొదలైంది.

ఏ సిస్టమ్ కావాలో అడిగే గ్రబ్ మెనూ వచ్చింది. బాణం కీలు నొక్కితే కదలదు. పది సెకన్లు చూసి దానంతట అదే మింట్‌లోకి పోతోంది. లోపలికి వెళ్లాక అదే వైర్‌లెస్ కీబోర్డు చక్కగా పనిచేస్తోంది. బయాస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, సిస్టమ్ లేవకముందే యూఎస్‌బీ కీబోర్డును పనిచేయించే లెగసీ సపోర్ట్ ఆపేసి ఉండొచ్చనిపించింది. కానీ బయాస్‌లోకి వెళ్లాలన్నా కీబోర్డే కావాలి కదా! కేసు వెనక పాతకాలం కీబోర్డులు పెట్టే పీఎస్2 పోర్టు ఉండటం అదృష్టం. వీధి చివర నెట్ సెంటర్ అబ్బాయి దగ్గర పాత గుండ్రటి పిన్ను కీబోర్డు అడిగి తెచ్చాను. ‘రేపు ఇచ్చెయ్యి అన్నా’ అన్నాడు. బయాస్‌లో చూస్తే అనుకున్నదే. సపోర్ట్ ఆన్ చేసి, ఫాస్ట్ బూట్ ఆఫ్ చేశాక గ్రబ్‌లో బాణాలు కదిలాయి.

మంగళవారం రాత్రి

ఇంత తంటా ఎందుకంటే, అమ్మ రాసుకున్న మంగళహారతుల నోటుపుస్తకం టైప్ చేస్తున్నాను. మొత్తం 96 పేజీలు, కొన్ని అంచులు చెదలు తినేశాయి. మింట్‌లో కీబోర్డ్ లేఔట్లకు తెలుగు చేరిస్తే నాకు అలవాటైన ఇన్‌స్క్రిప్ట్ అమరికే వస్తుంది, అందులో ఒక్కో కీకి ఒక్కో తెలుగు అక్షరం ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ కావాలనుకునేవాళ్లు ఐబస్ అనే టైపింగ్ సాధనం, దానికి ఎమ్17ఎన్ ప్యాకేజీ వేసుకోవాలి.

నాలుగు పాటలు కొట్టి వెనక్కి చదివితే ‘అమ్మ’ ఉండాల్సిన చోట ‘అమమ’ ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు డీ కీ మీద ఉంటుంది. ఆ ఒక్క నొక్కు పోతే ఒత్తు విడిపోయి పక్కన కూర్చుంటుంది. ఇంగ్లీషులో ఒక అక్షరం పోతే కంటికి తెలిసిపోతుంది, తెలుగులో మాట చూడటానికి బాగానే ఉండి అర్థం చెడుతుంది. మరో చోట ‘కకకకకక’ అని అరలైను పడింది. నొక్కిన కబురు అందింది, వదిలిన కబురు దారిలో పోయింది. వేలు ఇంకా కీ మీదే ఉందనుకుని సిస్టమ్ అక్షరాన్ని కొడుతూనే ఉంది.

ముందు బ్యాటరీని అనుమానించి కొత్తవి వేశాను, ఏమీ మారలేదు. విండోస్‌లోకి వెళ్లి ఒక పేజీ కొడితే ఒక్క తప్పూ లేదు. సరే, తప్పు మింట్‌దేనని తీర్పు ఇచ్చేసి పడుకున్నా.

గురువారం

ఆ తీర్పు తప్పు. మింట్‌లో టైప్ చేస్తున్నంతసేపూ పాత ఫొటోలు బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ అవుతున్నాయి. విండోస్‌లో టైప్ చేసినప్పుడు ఆ పని లేదు. అక్కడ కూడా కాపీ పెట్టి చూశా, అక్కడా ‘అమమ’ వచ్చింది. పైగా మౌస్ బాణం కూడా ఆగి ఆగి నడిచింది. రెండూ ఒకే రిసీవర్ మీద, అంటే యూఎస్‌బీ పోర్టులో పెట్టే ఒకే చిన్న ముక్క మీద, ఉన్నాయి కాబట్టి కీబోర్డును తప్పుపట్టడానికి లేదు.

రిసీవర్ వెనకవైపు నీలం పోర్టులో, హార్డ్ డిస్క్ వైరుకు అంగుళం దూరంలో ఉంది. యూఎస్‌బీ 3.0లో డేటా సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పోతుంది. ఆ ప్రవాహం నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దాకా పాకుతుంది. కీబోర్డు, మౌస్ మాట్లాడుకునేది సరిగ్గా అక్కడే. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం ప్రచురించింది.

కాపీ నడుస్తుండగా ‘అమ్మ’ అని 50 సార్లు కొట్టి లెక్క పెట్టాను. నీలం పోర్టులో 9 తప్పులు. ముందువైపు నల్ల పోర్టులోకి, అంటే యూఎస్‌బీ 2.0లోకి మారిస్తే 2. మీటరు పొడవున్న ఎక్స్‌టెన్షన్ వైరు వేసి రిసీవర్‌ను మానిటర్ కిందికి తెస్తే సున్నా. నమ్మలేక మళ్లీ కొట్టాను, మళ్లీ సున్నా. అమ్మ వచ్చి తెర నిండా తన పిలుపే చూసి ‘ఏరా, ఏమైంది నీకు?’ అంది.

శనివారం

ఇంకో జబ్బు బయటపడింది. నోటుపుస్తకం చూసి మళ్లీ టైప్ చేయబోతే మొదటి అక్షరం మింగేస్తోంది. ఇది నా చేతులారా చేసుకున్నది. కరెంటు ఆదా అవుతుందని మొన్న మింట్‌లో పవర్‌టాప్ అనే ప్రోగ్రామ్ వేసి, పొదుపు సెట్టింగులన్నీ తనే ఆన్ చేసే దాని ఆటో ట్యూన్ బూట్ అయిన ప్రతిసారీ నడిచేలా పెట్టాను. కాసేపు ఖాళీగా ఉంటే రిసీవర్‌ను అది నిద్రపుచ్చుతుంది, లేపడానికి మొదటి నొక్కు ఖర్చవుతుంది. పవర్‌టాప్‌లో ట్యూనబుల్స్ ట్యాబ్‌కి వెళ్లి, రిసీవర్ వరుస మీద ఎంటర్ కొట్టి ‘గుడ్’ను ‘బ్యాడ్’ చేస్తే అక్షరాలు తిరిగొచ్చాయి. రీస్టార్ట్ చేస్తే మళ్లీ మొదటికొచ్చింది. ఆటో ట్యూన్‌నే స్టార్టప్‌లోంచి తీసేశా. డెస్క్‌టాప్‌కి అది అసలు ఎందుకు వేశానో!

విండోస్‌లో ఇంకో తమాషా. అమ్మ చేతిరాత అర్థంకాక, కుడి షిఫ్ట్ మీద వేలు ఉంచి పేజీలోకి చూస్తూ ఉండిపోయాను. ఎనిమిది సెకన్లు నొక్కి ఉంచితే ఫిల్టర్ కీస్ ఆన్ చేయాలా అని అడుగుతుంది. చూసుకోకుండా ఎంటర్ కొట్టేశాను. ఇక తేలిగ్గా నొక్కిన కీలేవీ పడవు. పావుగంట మళ్లీ రిసీవర్‌నే తిట్టుకున్నాను. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అంటే విండోస్ 10లో ఈజ్ ఆఫ్ యాక్సెస్, అక్కడ ఆ షార్ట్‌కట్ ఆపేశాను.

మిగతావి చిన్నవి. రెండు సిస్టమ్‌ల మధ్య గడియారం ఐదున్నర గంటలు తేడా వచ్చేది. మింట్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీగా, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంగా చదువుతుంది, విండోస్ మన టైమ్‌గా చదువుతుంది. మింట్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో లోకల్ టైమ్‌కు మార్చాను. డీ డ్రైవ్‌లో మింట్ రాయనివ్వకపోతే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి. లేదంటే షట్‌డౌన్ అన్నా అది సగం నిద్రలోనే ఉండి డ్రైవ్‌ను పట్టుకుని ఉంటుంది.

ఇవాళ్టికి 41వ పేజీ. నెట్ సెంటర్ అబ్బాయి కీబోర్డు ఇంకా నా బల్ల మీదే ఉంది. ‘రేపు’ అన్నది ఆరు రోజులైంది.