బావి ఈతగాడు పూల్‌లో దిగితే

ఇవాళ పూల్‌లో ఆ గోడ నుంచి ఈ గోడ దాకా, 25 మీటర్లు, ఫ్రీస్టైల్‌లో ఎక్కడా కాళ్లు కింద ఆనించకుండా పోయాను, పోయాక మాట్లాడే దమ్ము కూడా మిగిలింది. రాసుకోదగ్గది ఇదొక్కటే. మిగతాదంతా మామూలే, షాపులో యూరియా గురించి లొల్లి, మధ్యాహ్నం కరెంటు పోవడం, ఇంట్లో టమాట పప్పు.

నల్గొండ చుట్టుపక్కల నా వయసు వాళ్లలో ఈత వచ్చినవాళ్లంటే చాలావరకు బావిలో నేర్చినవాళ్లే. నాకైతే పెద్దనాయన వాళ్ల బత్తాయి తోట బావి, నడుముకు బెండ్లు కట్టి తోసేస్తే వచ్చిన ఈత. ఆ ఈతలో తల ఎప్పుడూ నీళ్ల పైనే ఉంటుంది, ఉండాలి కూడా, గట్టు మీది నుంచి ఎవడు ఎప్పుడు నెత్తిన దూకుతాడో తెలియదు కదా. పైగా బావి ఎంతని, నాలుగు బారలు వేస్తే అటు దరి, ఆ మాత్రానికి ఊపిరి సంగతి ఎవరు పట్టించుకుంటారు. రూల్ ప్రకారమైతే ఫ్రీస్టైల్ పోటీలో ఏ ఈతైనా కొట్టొచ్చు, అంటే మా కుక్క ఈత కూడా చెల్లుతుంది. కానీ అందరూ ముఖం నీళ్లలో పెట్టి చేతులు మార్చి మార్చి వేసే ఈతే కొడతారు, అన్నిట్లోకి వేగం దానిదే కాబట్టి.

సగం దూరంలోనే దమ్ము ఎందుకు అయిపోతోందని కోచ్‌ను అడిగితే (నాకంటే చాలా చిన్నవాడు, అన్నా అంటాడు) నవ్వాడు. "నీకు దమ్ము మస్తుందన్నా, వదులుడే వస్తలేదు. నీళ్లల్ల ఉన్నప్పుడే మొత్తం వదిలెయ్, తల తిప్పినంక పీల్చుడొక్కటే పని." సంగతంతా అందులోనే ఉంది. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, తల తిప్పిన ఆ ఒక్క క్షణంలో పాతది వదిలి కొత్తది పీల్చాలంటే రెండూ సగం సగమే అవుతాయి. నిండిన బిందెలో నీళ్లు పోసినట్టే, లోపల ఖాళీ లేనిదే కొత్త గాలి ఎక్కడికి పోతుంది? అప్పుడు పుట్టే ఆ కంగారు ఉంది చూడండి, ఊపిరాడట్లేదు, పోయాన్రా దేవుడా అనిపించేది, అది ఆక్సిజన్ తక్కువై వచ్చేది కాదు, చాలావరకు లోపల పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ చేసే పని. వదిలేస్తే సగం టెన్షన్ దానితోపాటే పోతుంది.

అందుకే ముందు ఈత ఆపించి, లోతు తక్కువున్న చోట గోడ పట్టుకుని, ముఖం నీళ్లలో పెట్టి ముక్కుతో "మ్మ్మ్" అనమన్నాడు. నోరు మూసుకుని అలా మూలుగుతుంటే గాలి ముక్కులోంచి తప్ప ఎటూ పోలేదు, ముక్కులోకి నీళ్లూ రావు. బుడగలు చెంపల మీదుగా గాగుల్స్ అంచు తాకుతూ చెవుల దాకా గుడగుడమని పోతాయి, ఆ చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. తల తిప్పే ముందు మిగిలింది నోటితో ఒక్కసారి ఊదేయాలి.

రెండో చిక్కు తల. గాలి కోసం తల ఎత్తామా, నడుమూ కాళ్లూ కిందికి పోతాయి, తర్వాత కాళ్లతో ఎంత తన్నుకున్నా ముందుకు కదలం. పక్క లేన్‌లో అయిదో తరగతి ఉంటుందేమో ఒక పాప ఈదుతుంటే గోడకు ఆనుకుని చాలాసేపు చూశాను. తల ఎత్తదు, ఒళ్లంతా పక్కకు తిరుగుతుంది, దాంతోపాటే తలా తిరుగుతుంది. ఒక కన్ను నీళ్లలోనే ఉంటుంది, మూతి మాత్రం ఓరకు వంకరగా తెరుచుకుంటుంది. తల తోసిన నీళ్లు ముందు కొద్దిగా ఎత్తుగా లేస్తాయి, దాని వెనకే చెంప పక్కన చిన్న గుంట పడుతుంది. ఆ పాప గాలి ఆ గుంటలోంచే తీసుకుంటోంది. నీళ్ల మట్టం కంటే కిందున్న మూతికి గాలి దొరుకుతుందంటే చూడకపోతే నేను నమ్మేవాణ్ని కాదు.

చేతి సంగతి ఇంకా కుదరలేదు. కుడివైపు తల తిప్పేటప్పుడు ముందుకు చాచిన ఎడమ చెయ్యి ఆసరా కోసం నీళ్లను కిందికి నొక్కేస్తోంది, అది పోతే ఒళ్లూ పోతుంది. దానికి పక్కకు పడుకుని, ఒక చెయ్యి చాచి, కాళ్లు మాత్రం తొడల నుంచి ఆడిస్తూ పోవాలట. ఈ పూట అందులో తాగిన క్లోరిన్ నీళ్లకు టిఫిన్ సయించలేదు.

రోజూ వచ్చే రిటైర్డ్ సారు ఒకాయన మూడు బారలకోసారి, అటొకసారి ఇటొకసారి పీల్చాల్సిందే అంటాడు. రెండువైపులా అలవాటైతే ఒళ్లు ఒక పక్కకే ఒరగదు, నిజమే. కానీ 2012 నుంచి 2024 దాకా నాలుగు ఒలింపిక్స్‌లో 800 మీటర్ల బంగారం గెలిచిన కేటీ లెడెకీ ఎక్కువగా కుడివైపే పీలుస్తుంది. నాలాంటివాడు ముందు నిమ్మళంగా గాలి పీల్చుకుంటే చాలదా అన్నాను. "ఆమె లెడెకీ, నువ్వు ఎరువుల దుకాణపోనివి" అన్నాడు. జవాబు తోచలేదు.

షాపులో బిల్లు రాస్తూ నాకు తెలియకుండానే "మ్మ్మ్" అంటున్నానట, "ఏం సేటూ, పాట అందుకున్నవ్?" అన్నాడు బస్తా ఎత్తుతున్న రైతు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది, దసరా సెలవులకు చిన్నోడు వస్తాడట, ఈత నేర్పమంటున్నాడట. పెద్దనాయన బావి బోర్లు పడ్డాక ఎండింది, ఇప్పుడు అందులో తుమ్మచెట్లు. ఏఎమ్మార్పీ కాల్వలో నేర్పొచ్చు కదా అంటాడు బావ, పారే నీళ్లల్లో పిల్లగాణ్ని దింపేది లేదు బావా అని గట్టిగానే చెప్పాను. పూల్‌కే తీసుకుపోతా, మొదటి రోజు నుంచే ముఖం నీళ్లలో పెట్టిస్తా. వాడికి చిన్న సైజు గాగుల్స్ కావాలి, నా దాని రబ్బరు కూడా తెగేలా ఉంది, ఆదివారం క్లాక్ టవర్ వైపు పోయినప్పుడు రెండూ చూడాలి.