చేతి కణుపుల మీద జాజ్: పది వారాల క్లాసు లెక్క

పెద్దవాళ్ల కోసం సాయంత్రం పూట నడిపే క్లాసుల జాబితాలో "జాజ్ చరిత్ర, జాజ్ వినడం" అని కనిపిస్తే చేరిపోయాను. పది వారాలు, వారానికి ఒక రోజు, రెండు గంటలు. పరీక్ష లేదు, వాయిద్యం వచ్చి ఉండాలన్న షరతూ లేదు. అప్పటిదాకా జాజ్ అంటే నాకు ఎక్కడో లిఫ్టులో వెనకాల మోగే చప్పుడు. వినడానికి బాగానే ఉంటుంది గానీ ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలియదు. శాక్సఫోన్ ఆయన తోచింది వాయించేస్తున్నాడని, మిగతావాళ్లు ఎలాగోలా సర్దుకుపోతున్నారని అనుకునేదాన్ని. అది ఎంత తప్పో తెలియడానికి మూడు వారాలు పట్టింది. నాలాగా సున్నా నుంచి మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తుందని నా నోట్‌బుక్‌లోవి ఇక్కడ రాస్తున్నా.

వారం 1

క్లాసులో పద్నాలుగు మందిమి. మాస్టారు రిటైరైన ట్రాంబోన్ వాద్యకారుడు. మొదటి గంట చరిత్ర, రెండో గంట వినడం, మధ్యలో పది నిమిషాలు విరామం. మొదటి రోజే ఒక విచిత్రం. ఈ చరిత్ర మొదలయ్యేదే మనం ఎప్పటికీ వినలేని మనిషితో. న్యూ ఆర్లీన్స్‌లో కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న వాయిద్యం) వాయించిన బడ్డీ బోల్డెన్ పేరు అందరూ చెబుతారు, కానీ ఆయన రికార్డు ఒక్కటీ మిగల్లేదు. 1907లో పిచ్చాసుపత్రిలో పెట్టారు, చనిపోయేదాకా అక్కడే. ఇక మొదటి జాజ్ రికార్డుగా చెప్పేది 1917 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ చేసింది, వాళ్లు ఐదుగురూ తెల్లవాళ్లే. నల్లవాళ్ల సంగీతానికి మొదటి రికార్డు వాళ్లది కాకపోవడమేంటి అని నా పక్కనావిడ అడిగితే, "ఇలాంటివి ఇంకా చాలా వస్తాయమ్మా, రాసుకుంటూ ఉండండి" అన్నారు మాస్టారు.

హోంవర్క్: రోజుకి ఒకే ట్యూన్, మూడుసార్లు. మొదటిసారి ఊరికే, రెండోసారి బేస్ (కింది స్వరాలు పలికే పెద్ద తీగల వాయిద్యం) ఒక్కటే, మూడోసారి డ్రమ్స్ ఒక్కటే. నేను ఫోన్ స్పీకర్ మీద విని "ఇందులో బేస్ లేదు" అని బుద్ధిగా రాసుకుని వెళ్లా. మాస్టారు నవ్వారు. డబుల్ బేస్ కింది తీగ పలికేది సుమారు 41 హెర్ట్జ్ దగ్గర, ఫోన్‌లోని ఆ చిటికెడు స్పీకర్‌కి అంత కిందికి దిగే శక్తి లేదు. పాత వైరు హెడ్‌ఫోన్స్ బయటికి తీశా. ఉన్నట్టుండి ప్రతి పాటలోనూ ఒక మనిషి కొత్తగా వచ్చి చేరినట్టు అనిపించింది.

వారం 2, 3

రెండు రికార్డులు పక్కపక్కన వినిపించారు. ఒకటి 1923లో ఇండియానాలోని రిచ్‌మండ్‌లో కింగ్ ఆలివర్ బ్యాండ్ జెన్నెట్ కంపెనీకి చేసింది. రెండో కార్నెట్ కుర్రాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, పియానో లిల్ హార్డిన్. అప్పటికి మైకు లేదు, పెద్ద గరాటు ముందు అందరూ నిలబడి వాయించడమే. పెద్ద డ్రమ్ముల దెబ్బకి రికార్డు చెడుతుందని డ్రమ్మర్ బేబీ డాడ్స్ చెక్క దిమ్మెల మీద కొట్టాడు. అంటే ఆ రికార్డుల్లో వినిపించే టకటక ఆ కాలపు డ్రమ్మింగ్ కాదు, ఆ గరాటుకి లొంగిన డ్రమ్మింగ్. 1925లో మైకుతో రికార్డింగ్ వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. రెండో రికార్డు 1928 జూన్ నాటి వెస్ట్ ఎండ్ బ్లూస్, అదే ఆర్మ్‌స్ట్రాంగ్, ఈసారి బ్యాండ్ తనదే.

నాకు తలుపు తెరుచుకుంది ఇక్కడే, అందుకని కాస్త వివరంగా చెప్తా.

బ్లూస్‌కి పన్నెండు బార్లు ఒక చుట్టు. దాన్ని కోరస్ అంటారు. బార్ అంటే నాలుగు దెబ్బలు. పాట ఎంతసేపు సాగినా, ఎవరు సోలో వాయిస్తున్నా, ఆ పన్నెండు అయ్యాక మళ్లీ మొదటికి వస్తారు. మాస్టారు నేర్పిన లెక్క ఇది: "ఒకటి రెండు మూడు నాలుగు, రెండు రెండు మూడు నాలుగు, మూడు రెండు మూడు నాలుగు". అంటే ప్రతి బార్‌లో మొదటి దెబ్బ దగ్గర బార్ నంబరు పలకాలి. నాకు ఆరో బార్ దాటేసరికి నాలుక మడతపడేది. అప్పుడు తట్టింది, వేళ్లకి కణుపులున్నాయి కదా. బొటనవేలు వదిలేస్తే నాలుగు వేళ్లు, వేలికి మూడు, మొత్తం పన్నెండు. పైగా బ్లూస్ పన్నెండు బార్లు కూడా నాలుగేసి చొప్పున మూడు వరసలే. పై కణుపుల వరస, మధ్య వరస, కింది వరస. బొటనవేలితో బార్‌కి ఒక కణుపు తాకుతూ అడ్డంగా జరుపుకుంటూ పోతే చాలు. మధ్య వరస మొదలయ్యే చోట కార్డ్ (ఒకేసారి కలిపి పలికే స్వరాల గుత్తి) మారడం చెవికి తెలుస్తుంది. కింది వరసలో మళ్లీ మారి, చివరికి ఇంటికొస్తుంది. ఇది క్లాసులో చూపిస్తే మాస్టారు తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకుని, నలభై ఏళ్లు ట్రాంబోన్ పట్టుకున్నాను గానీ ఈ సంగతి తట్టలేదన్నారు. ఆ రోజంతా నేను నేల మీద లేను.

వెస్ట్ ఎండ్ బ్లూస్ మొదట్లో ట్రంపెట్ ఒక్కటే పైకి ఎగబాకి కిందికి జారుతుంది, అక్కడ లెక్క పెట్టొద్దు. బ్యాండ్ అందుకున్నాక మొదలుపెట్టాలి. మొదటి చుట్టు ట్రంపెట్, రెండోది ట్రాంబోన్, మూడోది క్లారినెట్‌తో ఆర్మ్‌స్ట్రాంగ్ మాటల్లేని పాట, నాలుగోది ఎర్ల్ హైన్స్ పియానో. ఐదో చుట్టు మొదలవగానే ట్రంపెట్ పైన ఒక స్వరం పట్టుకుంటుంది. నా బొటనవేలు చిటికెనవేలి కొన మీద ఉంది. ఉంగరపు వేలికి వచ్చా, అదే స్వరం. మధ్యవేలు, అదే. చూపుడువేలు, ఇంకా అదే. ఒక వరస మొత్తం ఒకే ఊపిరి. అప్పటికి ఆ రికార్డు ఓ పదిసార్లు విన్నాను, ఆ స్వరం పొడుగ్గా ఉందనీ తెలుసు. కానీ అది సరిగ్గా వరస మొదట్లో ఎక్కి వరసంతా నిలబడిందని వేళ్లు చెప్తేనే తెలిసింది. తోచింది వాయిస్తున్నాడన్న మాట ఆ రోజుతో కొట్టేశా.

వారం 4కి జ్వరం, వెళ్లలేదు. స్వింగ్, అంటే పెద్ద బ్యాండ్ల డాన్సు జాజ్, అంతా పోయింది. పక్కనావిడ నోట్సులోంచి దించుకున్నవి రెండే: పియానో వాయిస్తూ బ్యాండ్ నడిపిన డ్యూక్ ఎలింగ్టన్ 1927 నుంచి వాయించిన, న్యూయార్క్ హార్లెమ్‌లోని కాటన్ క్లబ్‌లో స్టేజీ మీద నల్లవాళ్లు, టేబుళ్ల దగ్గర తెల్లవాళ్లు మాత్రమే. రెండోది, చప్పట్లు కొడితే రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ కొట్టాలి. డ్రమ్మర్ కాలితో నొక్కే జంట తాళాలు, హై-హ్యాట్, మూసుకునేది అక్కడే. ఇది నాకు ఇప్పటికీ నిలకడగా రాదు, ఆలోచించిన మరుక్షణం ఒకటీ మూడూలోకి జారిపోతా.

వారం 5

ముప్పై రెండు బార్ల పాటలు. ఎనిమిదేసి బార్ల ముక్కలు నాలుగు: ఎ, ఎ, బి, ఎ. బి ముక్కని బ్రిడ్జ్ అంటారు. దీనికి కణుపులు వద్దు, ఎనిమిది బార్లకి ఒక వేలు మడవాలి. చిటికెనవేలితో మొదలుపెడితే బ్రిడ్జ్ ఎప్పుడూ మధ్యవేలి మీదే వస్తుంది. శాక్సఫోన్ వాయించే కోల్‌మన్ హాకిన్స్ 1939 అక్టోబర్‌లో రికార్డు చేసిన బాడీ అండ్ సోల్ ఇలా విన్నాం. ఆయన అసలు ట్యూన్‌ని మొదట్లో కాస్త తడిమి వదిలేస్తాడు, ఆ తర్వాత రెండు కోరస్‌ల చివరిదాకా సొంత కవిత్వమే. ట్యూన్ కనబడదు, కానీ మధ్యవేలు మడిచే చోట కింద నేల మారడం మాత్రం తప్పకుండా వినిపిస్తుంది.

వారం 6

ఘోరంగా ఓడిపోయిన వారం. శాక్సఫోన్ వాయించే చార్లీ పార్కర్ రికార్డు కో-కో, 1945 నవంబర్. చెరోకీ అనే పాట కార్డులు తీసుకుని కొత్త ట్యూన్ కట్టడం. కార్డులకి కాపీరైట్ వర్తించదు, ట్యూన్‌కే వర్తిస్తుంది కాబట్టి ఆ కాలంలో ఈ పని చాలామంది చేశారు. ఆ రోజు ఆగిపోయిన ఒక టేక్ కూడా వినడానికి దొరుకుతుంది. ఇంట్రో అయ్యాక చెరోకీ ట్యూన్ అందుకుంటారు, అంతలోనే ఆపేస్తారు. దీనికి అరవై నాలుగు బార్లు, పైగా ఆ వేగం! నా వేళ్లు మూడో సెకనులోనే చిక్కుపడ్డాయి. మాస్టారి చిట్కా: ప్రతి దెబ్బా లెక్కపెట్టకండి, రెండు బార్లకి ఒకసారి కాలు తట్టండి, పదహారు బార్లకి ఒక వేలు మడవండి. వారం రోజులు, రోజుకి ఇరవై నిమిషాలు కూర్చుంటే ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బ్రిడ్జ్ దొరికింది.

ఇంకోటి. 1942 ఆగస్టు నుంచి అమెరికాలో వాద్యకారుల యూనియన్ రికార్డింగ్‌లు ఆపేసింది, పెద్ద కంపెనీలతో రాజీ కుదిరేసరికి 1944 నవంబర్. బీబాప్, అంటే పార్కర్ వాయించిన ఈ వేగం జాజ్, రూపుదిద్దుకుంటున్న రోజులు సరిగ్గా అవే. మళ్లీ బోల్డెన్ కథే అనుకోండి, కీలకమైన చోట రికార్డు ఖాళీ.

వారం 7

మొత్తం క్లాసు 1959 అనే ఒక్క ఏడాది మీద. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూ రెండు రోజుల్లో, మార్చి 2న, ఏప్రిల్ 22న రికార్డయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇందులో ఫ్రెడ్డీ ఫ్రీలోడర్‌తో కణుపుల లెక్క ప్రాక్టీస్ చెయ్యండి, తాపీగా నడిచే పన్నెండు బార్ల బ్లూస్. సో వాట్‌లో ముక్క మొత్తానికీ దాదాపు ఒకే నేల, బ్రిడ్జ్‌లో అర మెట్టు పైకెక్కుతుంది, అంతే. మధ్యవేలు ఇంత సులువుగా ఇంకెక్కడా దొరకదు.

క్లాసులో ఒకాయన పాత ఎల్‌పీ తెచ్చారు. మాస్టారి సీడీతో కలిపి పెడితే ఎల్‌పీ శ్రుతి కాస్త పైన ఉంది, వేగం కూడా ఎక్కువ. ప్లేయర్ పాడైందేమోనని ఆయనకి ఒకటే టెన్షన్. తప్పు ప్లేయర్‌ది కాదు. మార్చి 2న రికార్డింగ్ టేప్ మెషీన్ నెమ్మదిగా తిరిగిందట, అందువల్ల మొదటి వైపున్న మూడు ట్యూన్లూ కొన్ని దశాబ్దాల పాటు హెచ్చు శ్రుతిలోనే అమ్ముడయ్యాయి. 1992 ఎడిషన్‌తో సరిచేశారు. అన్నేళ్లు ఆ రికార్డుతో కలిసి ప్రాక్టీస్ చేసినవాళ్లని తలుచుకుంటే జాలేసింది.

టేక్ ఫైవ్ అనే ట్యూన్ కూడా ఆ ఏడాదిదే. బార్‌కి ఐదు దెబ్బలు, మూడూ రెండుగా విడదీసి వింటే ఇబ్బంది లేదు. అదే ఏడాది శాక్సఫోన్ వాయించే ఆర్నెట్ కోల్‌మన్ చేసిన లోన్లీ ఉమన్ దగ్గర మాత్రం చెయ్యి ఒళ్లో పెట్టుకు కూర్చున్నా. పియానో లేదు, కింద డ్రమ్స్ పరుగెత్తుతుంటే పైన శాక్సఫోన్, కార్నెట్ నెమ్మదిగా ఏడుస్తుంటాయి. లెక్కపెట్టొద్దన్నారు మాస్టారు. లెక్క అలవాటయ్యాక అది మానడం ఇంత కష్టమని అనుకోలేదు.

8, 9 వారాల నోట్సు పెద్దగా లేదు. శాక్సఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ ఆల్బమ్ ఎ లవ్ సుప్రీమ్‌లో బేస్ వాయించే నాలుగు స్వరాల ముక్క ఇంటికొచ్చేదాకా బుర్రలో తిరిగింది. 1970ల ఎలక్ట్రిక్ జాజ్ నాకు ఎక్కలేదు, మళ్లీ వింటా.

నోట్‌బుక్ ఎలా పెట్టుకున్నానో అడిగారు కొందరు. పేజీకి ఒక ట్యూన్. పైన ఎవరు ఏం వాయించారో, రికార్డయిన తేదీ. కింద మూడు గళ్లు: నిమిషం-సెకను, ఎన్నో వేలు, ఏం జరిగింది. "బాగుంది", "అద్భుతం" లాంటి మాటలు నిషేధం, అది నా సొంత రూలు. రాత్రి పడుకునే ముందు వినొద్దు, లెక్క తప్పుతుంది, నిద్రా పోతుంది.

వారం 10

చివరి క్లాసులో ఎలింగ్టన్ బ్యాండ్ 1956 జులై 7న న్యూపోర్ట్‌లో వాయించింది పెట్టారు. మధ్యలో టెనర్ శాక్సఫోన్ వాయించే పాల్ గొన్సాల్వెస్ లేచి ఇరవై ఏడు కోరస్‌ల సోలో వాయిస్తాడు. పొరపాటున రికార్డు కంపెనీది కాక రేడియోవాళ్ల మైకు ముందు నిలబడటం వల్ల పాత రికార్డులో ఆయన దూరంగా వినిపిస్తాడు, 1999లో వచ్చిన ఎడిషన్‌లో కంపెనీ టేపూ రేడియో టేపూ కలిపాక దగ్గరికొచ్చాడు. బ్లూసే కాబట్టి ఇరవై ఏడు పన్నెండ్లు, 324 బార్లు. ఇంటికొచ్చి కుడిచేతి కణుపుల మీద బార్లు, ఎడమచేతి కణుపుల మీద కోరస్‌లు లెక్కపెట్టా. జనం కేకలు మొదలయ్యేదాకా బాగానే సాగింది, ఆ తర్వాత నేనూ ఊగిపోయా. మొదటిసారి 26 వచ్చింది. రెండోసారి 28. రేపు మళ్లీ కూర్చుంటా.